కొల్లేటి ఒడ్డున పదిహేడు డిగ్రీలు

మా ఆదిలాబాద్ వాళ్ళకు చలి గురించి గొప్పలు చెప్పుకోవడం అలవాటు. డిసెంబరు వచ్చిందంటే టీ బండి దగ్గర చేతులు రుద్దుకుంటూ ఇవాళ ఎనిమిది, నిన్న ఏడు అని డిగ్రీలు చెప్పుకుంటాం. కోస్తా నుంచి ఎవరైనా ఫోన్ చేసి, పదిహేడుకు పడిపోయింది, వణికిపోతున్నాం అంటే నవ్వుతాం. పదిహేడంటే మా పిల్లలు చొక్కా లేకుండా వాకిట్లో ఆడుకునే చలి. నేనూ అలా నవ్విన దాన్నే. కొల్లేటి ఒడ్డుకు వెళ్ళి వచ్చాక ఆ నవ్వు మానేశాను. అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం, ముఖ్యంగా మా జిల్లా వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది రజాయిల దుకాణం. దూది నింపి కుట్టే మందపాటి దుప్పట్లను మేం రజాయిలంటాం. నాన్న పెట్టిన దుకాణాన్ని ఆయన పోయాక నేను నడుపుతున్నాను. దూది ఏకే పని ఖాసిమన్నది. నాన్న ఉన్నప్పటి నుంచీ ఆయనే. ఇప్పుడు మిషన్ వచ్చినా సరే, ఏకిన దూదిని గుప్పిట్లోకి తీసుకుని చూడందే ఆయన రజాయిలోకి పోనివ్వడు.

మేరీ కుమారి గారు ఒకప్పుడు మా వైపు ఒక ఆసుపత్రిలో నర్సుగా చేశారు. రిటైరయ్యాక తన సొంత ప్రాంతానికి వెళ్ళిపోయారు. మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న పల్లెలో, చర్చి వాళ్ళు నడిపే ఆడవాళ్ళ ఆశ్రమాన్ని చూసుకుంటున్నారు. అక్కడ ముప్పై మంది ఉంటారు. నాట్లు వేసి, కలుపు తీసి, చేపల తట్టలు మోసి బతికిన వాళ్ళు. వెనకా ముందూ ఎవరూ లేనివాళ్ళు. మా రజాయి కింద గడిపిన చలికాలాలు గుర్తొచ్చి ఆవిడ వాళ్ళందరికీ రజాయిలు చేయించారు. లారీకెక్కించి పంపాం. మూడు వారాల తర్వాత ఫోన్ చేశారు.

"ఏమీ అనుకోకండి సుజాత గారూ. దుప్పట్లు బరువుగానే ఉన్నాయి గానీ వెచ్చదనం లేదండీ. మా శాంతమ్మ గారికి నెమ్ము చేసింది. మీరు ఆ దూది సంగతి ఒకసారి చూస్తారా?"

పాత పరుపుల దూది కలిపితే రజాయి సరిగ్గా ఇలాగే అవుతుంది. బరువుంటుంది, వెచ్చగా ఉండదు. మా వ్యాపారంలో జరిగే మోసం అదే. ఆ మధ్యాహ్నం ఖాసిమన్నను అడిగేశాను, పాత దూది ఏమైనా కలిసిందా అని. ఆయన మిషన్ ఆపాడు.

"మీ నాయిన నన్ను ఒక్కనాడు గిట్ల అడగలే బిడ్డా" అన్నాడు.

కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అడిగిన మాటను వెనక్కి తీసుకోవాలంటే నిజం తెలియాలి. నిజం ఆ రజాయిల్లోనే ఉంది. క్రిస్మస్ వెళ్ళిన రెండో రోజున దుకాణానికి తాళం వేసి, తాళం చెవి ఎప్పటిలాగే పక్కింట్లో ఇచ్చి రైలెక్కాను.

తాడేపల్లిగూడెం: ఉల్లిపాయల గోడౌన్

మా రజాయిలు లారీ దిగాక నాలుగు రోజులు తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల గోడౌన్‌లో ఉన్నాయని మేరీ కుమారి గారు చెప్పారు. అక్కడ తడిసి ఉంటాయన్న ఆశతో ముందు అక్కడికే వెళ్ళాను. ఆశ అని ఎందుకంటున్నానంటే, తప్పు నీళ్ళదైతే ఖాసిమన్నది కాదు.

స్టేషన్ బయట హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను, అరవై రూపాయలు. పొద్దున్నే జొన్నరొట్టె, ఎర్రకారం తినే కడుపుకు అది మరీ సుకుమారంగా అనిపించింది గానీ, అల్లం పచ్చడి మాత్రం మళ్ళీ అడిగి వేయించుకున్నాను. వడ్డించే ఆయన "ఇంకొంచెం ఉప్మా వేయమంటారా అండీ" అని మూడుసార్లు అడిగాడు. నేను మా ఊరి అలవాటున "నీళ్ళియ్యి" అన్నాను. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు తలెత్తి చూశారు. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ ప్రతి మాటకూ అండీ తగిలించాను. ఎక్కడ తగిలించాలో, ఎక్కడ అక్కర్లేదో తెలియక ఒకసారి దారికి అడ్డంగా పడుకున్న కుక్కను కూడా లేవండి అన్నాను.

గోడౌన్ నడిపేది వీరవేణి గారని యాభై ఏళ్ళావిడ. ఉల్లిపాయల వాసనకు నా కళ్ళు నీళ్ళు కారుతుంటే, ఆవిడ ఏడుస్తున్నాననుకుని కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించారు. విషయం చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళి చూపించారు. బస్తాలన్నీ నేలకు జానెడు ఎత్తున చెక్కల మీద ఉన్నాయి. గోడకూ బస్తాలకూ మధ్య మనిషి పట్టేంత సందు. పైన పెద్ద ఫ్యాన్లు. మా మూటలు కూడా ఆ చెక్కల మీదే ఉన్నాయట.

"ఉల్లిపాయలున్న చోట నీళ్ళు తగలనిస్తామా అండీ?" అన్నారావిడ. "చలికి ఉల్లిపాయ ఏమీ అవదు. పొడిగా ఉంటే చాలు, ఎంత చలైనా తట్టుకుంటది. చెమ్మ తగిలిందో, రెండు రోజులు చాలండీ కుళ్ళిపోడానికి. అందుకే కొల్లేటి వైపు పంపిన సరుక్కి నేను పూచీ ఉండను. అక్కడ డబ్బాలో ఉప్పు కూడా నీరైపోద్ది."

నాకు కావలసిన జవాబు ఆ మాటల్లోనే ఉందని అప్పుడు తెలియలేదు. రజాయిలు ఇక్కడ తడవలేదన్న ఒక్క ముక్కే చెవికెక్కింది. ఇక మిగిలింది ఖాసిమన్న దూదే అనుకుంటూ, మండవల్లి దారి పట్టాను.

కొల్లేటి అంచున

మండవల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. నేల ఎక్కడుందో వెతుక్కోవాలి. గట్ల మీద గూడబాతులు ముడుచుకుని నిలబడి ఉన్నాయి. ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి రంగులు కారి గోడల మీద చారలు కట్టాయి. వానలు పడ్డాయా అని ఆటో అతన్ని అడిగితే, నెల రోజులైందండీ చినుకు పడి, అది మంచుకే అన్నాడు.

ఆశ్రమంలో నాకు కొరమేను పులుసుతో భోజనం పెట్టారు. మా ఇంట్లో చేపను ఎండుకారంతో వేయించుకుంటాం. పులుసు అరుదు. ముళ్ళు తీసుకోవడం చేతకాక నేను అవస్థ పడుతుంటే పక్కన కూర్చున్న సన్నటి ముసలావిడ నా కంచం తన వైపు లాక్కుని, చేపంతా విప్పి, ముళ్ళు ఏరి తిరిగి ఇచ్చింది. మధ్య మధ్య దగ్గుతూనే ఉంది. ఆవిడే శాంతమ్మ.

నేనే రజాయిల మనిషినని తెలిశాక ఆవిడ నన్ను పరీక్షగా చూసింది.

"చూడబోతే మంచిదానివే. మరి నీ దుప్పటేంటే అమ్మాయీ, కప్పుకుంటే చెరువు కప్పుకున్నట్టుంది?"

చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను. కానీ ఆవిడ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. కైకలూరు డాక్టరు మందులిచ్చాడని, ఒళ్ళు వెచ్చగా ఉంచకపోతే ఊపిరితిత్తులకు పాకుతుందన్నాడని మేరీ కుమారి గారు నెమ్మదిగా చెప్పారు. చుట్టుపక్కల ఒక మాట విన్నాను. గోడకు చెమ్మ పట్టినా నెమ్మే, మనిషి ఛాతీకి జలుబు పట్టినా నెమ్మే. రెంటికీ ఒకటే మాట. మా వైపు ఆ మాట అవసరమే పడలేదు.

ఆ రాత్రి అదే రజాయి నాకూ ఇమ్మని అడిగాను. పడుకునేటప్పుడు బాగానే ఉంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఉన్నాను. ఫోన్లో చూస్తే పదిహేడు. నమ్మలేక ఫోన్ ఆపి మళ్ళీ చూశాను. పదిహేడే. మా ఇంటి దగ్గర ఎనిమిది డిగ్రీల్లో ఈ రజాయి కింద చెమట పట్టి కాలు బయట పెట్టి పడుకునే దాన్ని. ఇక్కడ పళ్ళు కొట్టుకుంటున్నాయి. కిటికీ బయట తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. రజాయిని చేత్తో తడిమాను. తడి అనలేం. చల్లగా, బరువుగా, ఎవరో చనిపోయిన వాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు ఉంది.

చేపల కాటా

వెలుతురు రాగానే కత్తెర అడిగి ఆ రజాయి అంచు విప్పాను.  లోపలి నుంచి దూది తీసి కిటికీ దగ్గరకు తెచ్చుకుని చూశాను. తెల్లగా, పొడుగు పోగుతో ఉన్న కొత్త దూది. ముక్క నలుపు లేదు, ఉండ లేదు. మరో రెండు విప్పాను. అంతే. ఖాసిమన్న ఏకిన దూదే, నాన్న మెచ్చుకునే దూదే.  మనసు తేలికైందనుకుంటే వెంటనే ఇంకో దిగులు. దూది మంచిదైతే మరి ముప్పై మందికి చలెందుకు?

మా దుకాణంలో తూచకుండా ఒక్క రజాయినీ బయటికి పంపం. ఒక్కొక్కటి నాలుగు కిలోలు. ఇక్కడ తూచి చూద్దామనిపించింది. పక్క చెరువు దగ్గర చేపలు పట్టి, తూచి, ఐసు పెట్టెల్లో సర్దుతున్నారు. రజాయి భుజాన వేసుకుని గట్టు మీద నడిచాను. మంచులో గట్టు ఎక్కడ అయిపోయిందో కనపడలేదు. మోకాళ్ళ దాకా చెరువులో దిగాను. రజాయిని మాత్రం నెత్తిన ఎత్తి పట్టుకున్నాను. చేపల వాళ్ళు పరుగున వచ్చి ముందు రజాయిని, తర్వాత నన్ను పైకి లాగారు.

కాటా చూసుకునే గుమాస్తా చేపలు పక్కన పెట్టించి రజాయిని తూచాడు. ఇంతవరకూ ఈ కాటా మీద దుప్పటి పెట్టిన వాళ్ళు లేరండీ అన్నాడు. నాలుగున్నర కిలోల మీద ముల్లు ఆగింది. నాలుగు కిలోల రజాయి అరకిలో పెరిగింది. ఒక్క చినుకు పడకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, ఆ దూది గాల్లోంచే అరకిలో నీళ్ళు తాగింది.

ఆశ్రమానికి తిరిగి వచ్చేసరికి తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుని ఒళ్ళంతా వణుకు. మేరీ కుమారి గారు ముందు తడి చీర మార్పించి, పొడి తువ్వాలుతో పాదాలు తుడిచి, వేడి టీ చేతికిచ్చారు. అప్పుడు కాటా సంగతి విన్నారు. తనను తానే తిట్టుకున్నారు.

"నర్సునై ఉండి నేను ఆలోచించాల్సిందండీ. బట్టకి సొంత వేడి ఉండదు కదా. వేడి మన ఒంటిదే. దూది మధ్య ఉన్న గాలి ఆ వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఆ దూదిలోకి చెమ్మ చేరితే అది కుంగిపోతుంది. ఒంట్లో వేడిని చెమ్మ లాగేసుకుంటుంది."

టీ తాగుతూ నేను మా ఊరి పదిహేడును తలచుకున్నాను. అక్కడ పదిహేడంటే ఏ రాత్రి ఎనిమిది గంటలకో. పగలంతా ఎండలో కాగిన గోడ అప్పటికీ గోరువెచ్చగా ఉంటుంది. ఒంటి మీద బట్ట పెళపెళలాడుతూ పొడిగా ఉంటుంది. ఇక్కడ పదిహేడంటే పది గంటల దాకా ఎండను కిందికి దిగనివ్వని మంచు. గోడ చల్లన, పక్క చల్లన, కట్టుకున్న చీర కూడా చల్లన. గాలిలో తేమ ఉన్నంత మాత్రాన డిగ్రీలు తగ్గిపోవు. పదిహేడు ఎక్కడైనా పదిహేడే. కానీ ఆ తేమ మన బట్టల్లోకి చేరి, మనం కప్పుకున్న దాన్నే మనకు శత్రువును చేస్తుంది.

ఒక్క విషయంలో మా చలే గడుసుది, అది కూడా చెప్పాలి. మా ఊళ్ళో స్నానం చేసి బయటికి వస్తే పొడి గాలి ఒంటి మీద నీళ్ళను గుంజుకుంటూ వేడిని కూడా గుంజుకుపోతుంది. రెండు నిమిషాలు ప్రాణం పోతుంది. తర్వాత ఒళ్ళు ఆరిపోతుంది, చలి మర్చిపోతాం. ఇక్కడ స్నానం తర్వాత అంత వణుకు లేదు. కానీ ఏదీ ఆరదు. తల ఆరదు, తువ్వాలు ఆరదు. మా చలి చెంపదెబ్బ కొట్టి పోతుంది. ఇక్కడిది పక్కనే కూర్చుని లేవదు.

ఎండ రాగానే ఖాసిమన్నకు ఫోన్ చేశాను. ఆయన ఎత్తుతాడనుకోలేదు. దూది మంచిదేనని, తప్పు నాదేనని, నిన్ను అలా అడిగి ఉండాల్సింది కాదని ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల మిషన్ చప్పుడు వినిపించింది.

"నువ్వెక్కడున్నవన్నా?"

"దుకాణంల ఉన్న బిడ్డా. పక్కింట్ల తాళం చెయ్యి తీస్కోని పొద్దుగాల నేనే తెరిచిన. కోపం నీ మీద గని, దుకాణం మీద కాదు గదా."

  ఆయనే మాట మార్చి, రజాయిలను పొద్దున లేవగానే మడత పెట్టొద్దనమని, ఎండ ఎక్కాక పరిచి, పొద్దు వాలక ముందే లోపలికి తెమ్మనమని చెప్పాడు. ఇక్కడ వీళ్ళు సాయంత్రం దీపాలు పెట్టేదాకా తీగల మీదే ఉంచుతున్నారు. అంటే ఎండకు ఆరినదంతా మంచు మళ్ళీ నింపుతోంది.

ఆ రోజు ముప్పై రజాయిలూ ఎండలో వేసి, మూడున్నరకే తీసేశాం. నాలుగు కిలోలకు పిసరు పైన తూగాయి. అందరూ సంతోషంగా పడుకున్నారు. కానీ తెల్లవారుజామున నాకు మళ్ళీ మెలకువ వచ్చింది. నిన్నటి అంత కాదు గానీ చలే. పక్క గదిలోంచి శాంతమ్మ దగ్గు వినిపిస్తోంది. రోజంతా ఆరబెట్టిన దూది తెల్లారేలోపు మళ్ళీ తాగడం మొదలుపెట్టింది. కారణం తెలిసినంత మాత్రాన మందు దొరకదు.

ప్రార్థన వేళ

ఆ పొద్దున ఆరున్నరకు గంట కొట్టారు. నేను హిందువునైనా అందరితో పాటు ప్రార్థన హాల్లోకి వెళ్ళి వెనక నిలబడ్డాను. పెద్ద హాలు. నేలంతా నూలు జంపఖానాలు పరిచి ఉన్నాయి. సిలువ ఉన్న బల్ల ముందు మాత్రం ఎర్రటి పాత తివాచీ ఒకటి. వచ్చిన వాళ్ళు వచ్చినట్టు ఆ తివాచీ మీదికి చేరి, ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ చెప్పుల్లేని కాళ్ళతో నిలబడుతున్నారు. హాలంతా ఖాళీగా ఉంది. మొదట దేవుడి దగ్గరగా నిలబడాలన్న భక్తి అనుకున్నాను. తర్వాత నా కింద జంపఖానా అరికాళ్ళను కొరుకుతుంటే అనుమానం వచ్చింది. ప్రార్థన అయ్యేదాకా ఆగి, వంగి ఒక చెయ్యి జంపఖానా మీద, ఒక చెయ్యి తివాచీ మీద పెట్టాను. జంపఖానా తడి నేలలా ఉంది. తివాచీ అలా లేదు. అదే హాలు, అదే మంచు, అదే పదిహేడు.

శాంతమ్మ నన్ను చూస్తూ, "దాని మీద నిలబడితే కాళ్ళు బతుకుతాయే అమ్మాయీ. ఉన్నిది కదా" అంది.

ఆ తివాచీ ఎవరు నేశారని మేరీ కుమారి గారిని అడిగాను. ఏలూరులో జమాల్ గారని చెప్పారు. గంటలో బస్సెక్కాను.

ఏలూరు: ఉన్ని మగ్గం

పాత ఊళ్ళో సన్నటి సందు చివర జమాల్ గారి ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. ముందు గదిలో నిలువు మగ్గం, దాని ముందు బల్ల మీద ఆయన ఇద్దరు కోడళ్ళు కూర్చుని రంగు ఉన్నితో ముడులు వేస్తున్నారు. ముడి వేయడం, చిన్న కత్తితో టక్కున కోయడం, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతోంది. రోజంతా వేస్తే బెత్తెడు పెరుగుతుందట. నేను మా పని వేగం చెప్పుకోబోయి మానేశాను. వాళ్ళింటావిడ టీ, సమోసాలు పెట్టారు. మా ఊరి సమోసా అరచేతంత ఉంటుంది. ఇక్కడిది పల్చటి చుట్టుతో, లోపల ఉల్లిపాయ కూరతో వేలెడంత. ఆరు తిన్నాను.

నా సంచిలో రజాయి నుంచి తీసిన దూది ఉంది. జమాల్ గారు దాన్ని వేళ్ళతో విప్పి చూసి, ఏకిన వాడు పనిమంతుడమ్మా అన్నారు. ఆ మాట ఖాసిమన్న వినాల్సింది. జమాల్ గారు ఆ దూదిని ఒక చేతిలో, గుప్పెడు ఉన్నిని ఒక చేతిలో పెట్టుకుని, రెంటి మీదా గ్లాసులోంచి నాలుగు చుక్కలు చిలకరించి గుప్పిళ్ళు బిగించారు. కాసేపటికి విప్పారు. దూది ఉండకట్టి అలాగే ఉండిపోయింది. ఉన్ని నెమ్మదిగా మళ్ళీ పొంగింది.

"చెమ్మ తాగితే పత్తి కుంగిపోద్దమ్మా. ఉన్ని కూడా తాగుద్ది. ఇంకా ఎక్కువే తాగుద్ది. కానీ పొంగు పోగొట్టుకోదు. గొర్రె వానలో నిలబడి బతకాలి కదా. పత్తికాయకి ఆ అవసరం లేదు."

ఆ మాటతో మా వైపు గొర్రెల కాపరులు కళ్ళ ముందుకొచ్చారు. ముసురు పట్టిన రోజుల్లో నల్ల గొంగళి నెత్తి మీంచి కప్పుకుని పొలాల మధ్య గంటల తరబడి నిలబడి ఉంటారు. పైన వాన కారిపోతుంటే లోపల బీడీ కాల్చుకుంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. రజాయిలు కుట్టే ఇంట్లో పుట్టి, గొంగళి గరుకని, వాసనని చిన్నచూపు చూశామే గానీ అది ఎందుకు కప్పుకుంటారని ఒక్కనాడూ ఆలోచించలేదు.

జమాల్ గారికి ఆశ్రమం సంగతంతా చెప్పాను. రజాయి పైన ఎంత కప్పినా, మంచం నవ్వారు లోంచి కింది నుంచి చెమ్మ, చలి వస్తాయని, ముందు ఉన్ని ఒంటి కింద పడాలని ఆయన అన్నారు. రంగు తేడా వచ్చిందని పక్కన పెట్టేసిన చిన్న తివాచీ ముక్కలు అయిదు వెతికి తీశారు. ధర అడిగాను.

"ముందు ఆ పెద్దావిడని పడుకోనివ్వండమ్మా" అన్నారు. అంతకు మించి ఆ మాట ఎత్తనివ్వలేదు.

బస్టాండు నుంచే ఖాసిమన్నకు ఫోన్ చేసి గొంగళ్ళ గురించి అడిగాను. గొర్రెలు కాచి గొంగళ్ళు నేసే కురుమల దగ్గరికి తానే వెళ్ళి చూస్తానన్నాడు. నేను ఇంటికి చేరిన వారానికి ముప్పై గొంగళ్ళు కొల్లేటికి బయలుదేరాయి, ఒక్కొక్కటీ ఆయన చేత్తో పట్టి చూసినవే. దుకాణంలో ఇప్పుడు రజాయిల పక్కన గొంగళ్ళు కూడా పెట్టాం. కోస్తాకు పంపమని ఎవరడిగినా ముందు ఏ ఊరు, నీళ్ళు ఎంత దూరం అని అడుగుతున్నాం.

ఆఖరి పొద్దు

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం మా దగ్గరున్నవి అయిదు ముక్కలే. దగ్గు ఎక్కువగా ఉన్న అయిదుగురికి ఇద్దామన్నారు మేరీ కుమారి గారు. శాంతమ్మ తనకొద్దంది. తన కన్నా పెద్దవాళ్ళున్నారని, వాళ్ళకివ్వమని మొండికేసింది. డాక్టరు చెప్పాడని ఒకసారి, నేను అంత దూరం వెళ్ళి తెచ్చానని ఒకసారి బతిమాలి, చివరికి ఆవిడ మంచం మీద నేనే పరిచాను. దాని మీద దుప్పటి, పైన మూడున్నరకే ఎండ నుంచి తెచ్చిన రజాయి. చివర్లను తివాచీ కిందికి దోపి వచ్చాను.

మర్నాడు నా ప్రయాణం. పొద్దున సంచి సర్దుకుంటుండగా ఆరున్నర గంట కొట్టారు. అందరూ హాల్లోకి వస్తున్నారు. శాంతమ్మ రాలేదు. గంట కన్నా ముందే లేచి అందరినీ లేపే మనిషి. మేరీ కుమారి గారు నా వైపు చూశారు, నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరం గదికి నడిచాం. నడిచామంటున్నాను గానీ పరుగే.

ఆవిడ వెల్లకిలా పడుకుని ఉంది. నిన్నటి దాకా ముడుచుకుని పడుకునే మనిషి, కాళ్ళు బారజాపుకుని ఉంది. దగ్గు లేదు. కదలిక లేదు. మేరీ కుమారి గారు మంచం మీద కూర్చుని రజాయి కిందికి చెయ్యి పోనిచ్చి మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ పెదాలు లెక్క పెడుతున్నాయి. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మంచు లోంచి ఎక్కడో చేపల లారీ హారన్ వినిపించింది.

మేరీ కుమారి గారు చెయ్యి వదల్లేదు గానీ మొహం విచ్చుకుంది.

"కాలిపోతోందండీ" అన్నారు. వెంటనే నా మొహం చూసి, "జ్వరం కాదండీ, వెచ్చదనం. చూడండి" అని నా చెయ్యి లాగి లోపల పెట్టారు.

ఆ రజాయి కింద నిజంగా మా ఇంటి వెచ్చదనం ఉంది. ఆ సన్నటి చెయ్యి, దాని కింద ఉన్ని, అంతా ఒకే వేడిగా ఉన్నాయి. నా చల్లటి వేళ్ళు తగిలి శాంతమ్మ ఒక కన్ను తెరిచింది. మా ఇద్దరినీ చూసింది. కిటికీలోంచి మంచును చూసింది.

"గంట కొట్టారా?" అంది.

కొట్టారండీ అన్నాను.

"కొట్టనీ. దేవుడికి చెప్పండి, శాంతమ్మ నిద్రపోతోందని" అని చెప్పి, రజాయిని గడ్డం దాకా లాక్కుని అటు తిరిగి పడుకుంది.